వరద రోజుల్లో తాగునీరు ఎంత నిల్వ ఉంచుకోవాలి?

ప్రశ్న: మాది కోనసీమలోని లంక గ్రామం. 2022 జూలై వరదలో ఇంటి చుట్టూ గోదావరి నీరే ఉన్నా, గుక్కెడు మంచినీరు లేక మా అమ్మగారు ఎంతో అవస్థ పడ్డారు. ఐదుగురున్న ఇంటికి మూడు రోజులకు ఎంత నీరు దాచుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: తాగడానికి మనిషికి రోజుకు సుమారు 3 లీటర్లు అనుకుంటే మీకు 45 లీటర్లు కావాలి, వంటకు వేరే. ఆహారం లేకుండా మనిషి కొన్ని వారాలు బతకగలడు గానీ, నీరు లేకుండా కొద్ది రోజులకు మించి నిలవలేడు కనుక, బియ్యం బస్తా కంటే ముందు మూత ఉన్న నీళ్ల డబ్బాలనే మేడ మీదికి చేర్చండి.

జవాబు 2: వరదలో మునిగిన బోరు నీరు తేటగా కనిపించినా నమ్మవద్దు. బాగా మరుగు పట్టాక కనీసం ఒక నిమిషం ఉంచి, చల్లార్చి తాగండి.

జవాబు 3: పొయ్యి కోసం ఎండిన కొబ్బరి డొక్కలను కూడా తడవనిచోట ఉంచుకోండి.