శంకువృక్షాల పూర్వీకుల గురించి ఒక సందేహం

వృక్ష పరిణామం గురించి లోతుగా తెలిసిన వారిని ఒక విషయం అడగదలిచాను. పైన్, దేవదారు వంటి శంకువృక్షాల అతి ప్రాచీన శిలాజాలు సుమారు 31 కోట్ల సంవత్సరాల నాటి కార్బోనిఫెరస్ యుగపు రాతి పొరలలో దొరికాయని చదివాను. వాటి ఆడ శంకువులోని బీజపొలుసు (విత్తనాలను మోసే పొలుసు) నిజానికి ఆకు కాదని, పుచ్ఛం (పొలుసు కింద ఉండే చిన్న ఆకు) గ్రీవంలో, అంటే ఆ ఆకు కాండాన్ని కలిసే మూలలో, పుట్టిన ఒక పొట్టి కొమ్మ కాలక్రమేణా కుదించుకుపోయి, చదునై అలా మారిందని స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ ఫ్లోరిన్ కార్డైటీస్ (అంతరించిన విత్తన వృక్షాలు), వోల్ట్జియేలీస్ (అంతరించిన ప్రాచీన శంకువృక్షాలు) శిలాజాలను పోల్చి వివరించారు. ఈ వివరణ చదివిన నాటి నుండి శంకువును చేతిలోకి తీసుకున్నప్పుడల్లా అది కొమ్మల గుత్తి అన్న సంగతే నాకు గుర్తుకు వస్తుంది.

అయితే కార్డైటీస్ శంకువృక్షాలకు పూర్వీకులా, లేక ఒకే మూలం నుండి చీలిన సోదర శాఖా? రెండు సమూహాలూ కార్బోనిఫెరస్ పొరలలోనే కనిపిస్తున్నందున రెండవదే సబబని నాకు తోస్తోంది. ఇక డీఎన్ఏ పరిశోధనలలో అనేకం నీటేలీస్ (నీటం, ఎఫిడ్రా, వెల్విచియా మొక్కల) సమూహాన్ని పైన్ కుటుంబానికి అత్యంత సమీప బంధువుగా చూపుతున్నాయి. అదే నిజమైతే, నీటేలీస్ వంశంలో బీజపొలుసు పూర్తిగా అంతరించిందని భావించాలా? అందుకు శిలాజ సాక్ష్యం ఏదైనా ఉంటే దయచేసి వివరించగలరు.