ఊరందరికీ తెలిసిన సంగతే, కానీ రాయొద్దంటోంది మా అవ్వ

బీడీల బిడ్డ (నిజామాబాద్ జిల్లా) అడిగిన ప్రశ్న:

నమస్తే అండి. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. రెండేళ్ల నుంచి మా అవ్వ జీవితం రాస్తున్నాను. మా దిక్కు పల్లెల్లో తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. అమ్మమ్మ గురించి అనుకుంటారేమోనని ముందే చెబుతున్నాను.

అవ్వ తొమ్మిదేళ్ల వయసులో బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. అరవై దాటాక దించింది. రోజుకు వెయ్యి బీడీలు, అంటే 25 బీడీల కట్టలు నలభై. రాత్రి తునికాకు తడిపి గుడ్డలో చుట్టి పెట్టేది. పొద్దున్నే లేచి రేకు ముక్క ఆకు మీద ఆనించి, కత్తెరతో కొలతకు కత్తిరించేది. వంట, పశువులు, మేము, అన్నీ ఆ చాట చుట్టే జరిగేవి. ఆమె కుడి చేతి బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఆ చేతితో నన్ను టీటీసీ చదివించింది. ఇది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని నాకు చాలా గట్టిగా ఉంది. మా బడిలో పిల్లల అమ్మల్లో సగం మంది బీడీలు చుట్టేవాళ్లే. వాళ్ల గురించి వాళ్ల పిల్లలు చదువుకోవడానికి ఒక పుస్తకం లేదు.

ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్‌లో ఆమె మాటలు రికార్డు చేస్తున్నాను. 43 ఫైళ్లు అయ్యాయి. అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది.

మా బాపు నేను చిన్నగా ఉన్నప్పుడు మహారాష్ట్రలోని భీమండి పోయాడు, మరమగ్గాల మీద పనికి. చాలా ఏళ్లు రాలేదు. అక్కడ ఇంకో సంసారం ఉండేది. తర్వాత తిరిగొచ్చి మాతోనే ఉన్నాడు, మా ఇంట్లోనే పోయాడు. ఈ మాట అవ్వ ఒక రికార్డింగులో తనంతట తానే చెప్పింది, నేను అడగలేదు. వారం తర్వాత మాత్రం "గది రాయకు బిడ్డా" అంది. "ఊరంత ఎర్కనే గదా అవ్వా" అన్నాను. "ఎర్కనే. కని నోటి మాట వేరు, బుక్కుల రాసుడు వేరు" అంది.

అది తీసేస్తే ఆమె జీవితం నాకే అర్థం కావడం లేదు. అర్ధరాత్రి దాకా కందిలి పెట్టుకొని ఎందుకు చుట్టింది, పెద్దక్కను ఐదో తరగతిలో ఎందుకు మాన్పించి పక్కన కూర్చోబెట్టింది, మేనమామ ఇంట్లో పెళ్లికి ఎందుకు పోలేదు, అన్నీ దాంతోనే ముడిపడి ఉన్నాయి. తీసేసి రాసి చూశాను. ఎవరో పనిమంతురాలి గురించి రాసిన పదో తరగతి వ్యాసంలా వచ్చింది.

ఇంకో రెండు సంగతులు. ఇది "నేను" అని అవ్వ చెప్పినట్టు రాయాలా, "మా అవ్వ" అని నేను చెప్పినట్టు రాయాలా? రెండు రకాలుగా మొదలుపెట్టి రెండూ ఆపేశాను. తర్వాత, తేదీలు. ఆధార్‌లో పుట్టిన తేదీ 1955 జనవరి 1. ఆమేమో "రజాకార్ల లొల్లిల మా అవ్వ కడుపుల ఉన్న" అంటుంది. పీఎఫ్ కార్డులో కార్ఖానా గుమాస్తా తనకు తోచిన పేరు రాసుకున్నాడు. ఆ పేరు సరిచేయించి బీడీ పింఛను తెచ్చుకోవడానికే మాకు ఏడాదిన్నర పట్టింది. బాపు భీమండి ఎప్పుడు పోయాడంటే "ఊళ్లె కోళ్లన్ని కోసుకొని తిన్న యేడు" అంటుంది. ఎప్పుడొచ్చాడంటే "పట్వారి నౌకరి పోయిన మరుసటి యెండకాలం" అంటుంది. వీటిని సంవత్సరాలుగా ఎలా మార్చాలి?

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. అవ్వకు ఈ మధ్య ఆరోగ్యం బాగుండటం లేదు, నాకు టెన్షన్‌గా ఉంది.

---

రిటైర్డ్ తెలుగు మాస్టారు (తెనాలి):

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను.

కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ 'నిర్జన వారధి' మీకు దొరికితే చదవండి. 2012లో వచ్చింది, అప్పటికి ఆవిడకు తొంభై దాటాయి. బాల వితంతువు, మళ్లీ పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ పని, అజ్ఞాతవాసం, ఆ తర్వాత భర్త సీతారామయ్య గారు వదిలి వెళ్లిపోవడం. ఆవిడ ఆ తర్వాత చదువుకుని కాకినాడలో ఆడపిల్లల హాస్టల్‌కు మేట్రన్‌గా పనిచేశారు. భర్త నక్సలైటు నాయకుడిగా పేరున్న మనిషి, ఆయన మీద రాజకీయంగా రాసినవాళ్లు చాలామంది. కానీ ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆవిడ చెప్పాకే మనకు తెలిసింది. ఆవిడ తిట్టలేదు, దాచలేదు.

నేను దీన్ని మీకు ధైర్యం చెప్పడానికి ఎత్తలేదు. అది ఆవిడ కథ, చెప్పాలని ఆవిడే అనుకున్నారు. మీ అవ్వగారు అనుకోలేదు, లేదా ఒకరోజు అనుకుని తర్వాత వద్దనుకున్నారు. రెండూ ఆవిడ హక్కే. రికార్డు ఉంది కదా అని వాడకండి. మీకు చెప్పింది కూతురని, రచయిత్రి అని కాదు.

"నేను" సంగతి. ప్రకాశం పంతులు గారి 'నా జీవిత యాత్ర' మొదటి మూడు భాగాలు ఆయనవి, నాలుగోది తెన్నేటి విశ్వనాథం గారు రాసి చేర్చారు. పాఠకుడు నాలుగో భాగంలోకి అడుగు పెట్టగానే మాట్లాడే మనిషి మారాడని పట్టేస్తాడు. అందులో తప్పేం లేదు, ఎవరు రాశారో చెప్పారు కనుక. మీ పేరు దాచి ఆవిడ గొంతు పెట్టుకుంటే మాత్రం మీ వాక్యాలు ఆవిడ మీద పడతాయి. బడి పంతులమ్మ వాక్యం దాగదమ్మా, నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు తెలుసు.

---

పాత గొంతులు (హైదరాబాద్):

అక్కా, ముందు తేదీలు, ఎందుకంటే అవి తేలిక.

కోళ్లన్నీ కోసుకొని తిన్న యేడు 1979. ఆ జూలైలో అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఆకాశం నుంచి పడుతుందని, అందరం చచ్చిపోతామని మన పల్లెల్లో కోళ్లు, మేకలు కోసుకొని తిన్నారు. చివరికి అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాలో పడింది. మా ఊళ్లో ఆ నెలలోనే పెళ్లిళ్లు తొందర తొందరగా చేసేశారని మా నానమ్మ చెప్పేది. పటేల్ పట్వారీల వ్యవస్థను ఎన్టీఆర్ ప్రభుత్వం తీసేసింది 1984లో. మరుసటి ఎండాకాలమంటే 1985. మీ బాపు ఆరేళ్లు లేరన్నమాట. రజాకార్ల లొల్లి అంటే 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ దాకా. అప్పటికి కడుపులో ఉంటే అవ్వ పుట్టింది ఆ ఏడాది చివరో, 1949 మొదట్లోనో. ఆధార్ ఆమెను ఆరేళ్లు చిన్న చేసింది.

గోదావరి పుష్కరాలు కూడా అడగండి. 1967, 1979, 1991, 2003, 2015. ఏ పుష్కరానికి ఎవరు చంకలో ఉన్నారో ఆడవాళ్లకు బాగా గుర్తుంటుంది. పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ వచ్చింది 1963 జూలైలో, మీ జిల్లానే కాబట్టి అదీ పనికొస్తుంది. ఒక్క మాట, అవ్వ చెప్పిన తీరును చెరిపేసి "1979లో" అని మాత్రం రాయకండి. కోళ్లు కోసుకొని తిన్న యేడు అనే రాయండి. సంవత్సరం పక్కన పెడితే సరిపోతుంది.

గొంతు విషయంలో మాస్టారు గారితో నాకు కొంచెం తేడా ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల అనుభవాలను స్త్రీ శక్తి సంఘటన వాళ్లు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని తెచ్చారు. అందులో వాళ్లు "నేను" అనే మాట్లాడతారు. విని రాసింది వేరేవాళ్లే. కాబట్టి రికార్డింగులో ఉన్నది ఉన్నట్టు "నేను" అని పెట్టండి, మీరు చెప్పాల్సింది వేరే పేజీలో "మా అవ్వ" అని మీ మాటగా రాయండి. "ఎర్కనే" అన్నదాన్ని "తెలుసు" అని దిద్దకండి, దండం పెడతాను. నేను పదేళ్లుగా ముసలివాళ్ల మాటలు రికార్డు చేసి రాస్తున్నాను. మొదటి రెండేళ్లలో దిద్దేసినవి చదివితే ఇప్పుడు అందరూ ఒకే మనిషిలా వినిపిస్తారు. ఆ టేపులు కూడా పోయాయి. మీ 43 ఫైళ్లు ఈ రోజే ఇంకో రెండు చోట్ల దాచండి.

---

గోదారి మనవడు (డల్లాస్):

మా తాతగారి జీవితం నేను రాశాను. 200 కాపీలు వేయించి బంధువులకు పంచాను. అందులో ఒక్క వాక్యం, "తమ్ముడు మోసం చేసి రెండెకరాలు రాయించుకున్నాడు" అని. తాతగారు నాతో ఎన్నోసార్లు అన్న మాటే. పుస్తకం చేరిన వారానికి చిన్న తాతగారి కొడుకు, నాకు బాబాయి, ఫోన్ చేసి "మా నాన్న లేడు కదా అని రాశావా" అని అడిగారు. తర్వాత మాట్లాడటం మానేశారు.

ఆ ఏడాది ఇండియా వెళ్లినప్పుడు రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలు తీయించాను. తాతగారే అమ్మారు. డబ్బు తీసుకున్నట్టు రాసి ఉంది. తేదీ మా మేనత్త పెళ్లికి పన్నెండు రోజుల ముందు. తాతగారు అబద్ధం చెప్పారని నేను అనుకోను. తక్కువ ధరకు ఇవ్వాల్సి వచ్చిందన్న బాధ ముప్పై ఏళ్లలో మోసంగా మారి ఉంటుంది. కానీ నకలు తీయడానికి నాకు పట్టింది ఒక పూట. పుస్తకం వేయకముందు ఆ పూట ఖర్చు పెట్టలేదు. బాబాయిని ఒక్క ఫోన్ కాల్ కూడా అడగలేదు.

మీ విషయంలో భీమండిలో కూడా మనుషులున్నారు. ఆ ఇంట్లో పిల్లలు ఉంటే వాళ్లకు ఆయన నాన్నే. ఆవిడకు ఇక్కడ ఒక భార్య ఉందని తెలిసి ఉండకపోవచ్చు. ఆ మాట ఎవరైనా అడిగారా?

---

పేరు వద్దు:

పోయిన తండ్రి పరువు బిడ్డే తీయడం ఏం న్యాయమమ్మా? ఆయన తిరిగొచ్చాడు కదా. అది రాయండి చాలు.

---

బీడీల బిడ్డ (మూడు వారాల తర్వాత):

అందరికీ దండాలు. ఆలస్యమైంది, అవ్వను ఆసుపత్రికి తిప్పాల్సి వచ్చింది. ఇప్పుడు నయం.

పేరు వద్దన్నవారికి: మీ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. బాపు మీద నాకు ప్రేమ లేదనుకోకండి. ఆఖరి నాలుగేళ్లు ఆయనకు స్నానం చేయించింది నేనే. ఆయన తిరిగొచ్చాడని రాయాలంటే, పోయాడని రాయకుండా ఎలా రాయను?

డల్లాస్ తమ్ముడూ, నువ్వడిగిన మాట నేను ఎప్పుడూ అనుకోలేదు. అవ్వను అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఒకసారి కార్డు ముక్క వచ్చింది, హిందీల. పక్కింటి పోరడు చదివిండు. పైసలు పంపుమని" అంది. ఎవరు పంపమన్నారో, ఎవరికో చెప్పలేదు. ఇంకా లాగలేదు నేను. ఆ ఇంటివాళ్ల గురించి ఒక్క అక్షరం రాయనని ఆ రోజే అనుకున్నాను. వాళ్ల వైపు నాకు ఏమీ తెలియదు.

'పాత గొంతులు' గారు చెప్పినట్టు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఒకటి, అన్న దగ్గర ఒకటి దాచాను. మాస్టారూ, అది అవ్వ హక్కే అన్నారు కదా, ఏది ఉంచాలో ఏది తీయాలో ఆమె చేతిలోనే పెట్టాను. ఆమెకు చదువు రాదు కాబట్టి రాసింది రాసినట్టు చదివి వినిపించాను. కోళ్ల యేడు అధ్యాయం, బాపు బస్సెక్కిన రోజు. బస్సు పోయాక అవ్వ గడపలో కూర్చొని ఏడ్చిందని రాశాను. అందంగా వచ్చిందని కూడా అనుకున్నాను.

అవ్వ చెయ్యెత్తి ఆపింది. "నేనెప్పుడు ఏడ్సిన? నువ్వు సూసినవా?"

లేదు, నాకప్పుడు నాలుగేళ్లు. ఊహించి రాశానని చెప్పాను.

"ఏడ్వలే. ఆయాల్ల ఆకు మంచిగ రాలే. సగం సినిగిపోయింది. పొద్దుమీకి కార్ఖానాల నలభై కట్టలు అప్పజెప్పాలె. ముప్పైరెండే అయినయి. గా ఎనిమిది కట్టల మీదనే ఉంది నా పానం. బస్సు ఎప్పుడు పోయిందో నాకు ఎర్కలేదు" అంది.

ఏడ్చిన వాక్యం కొట్టేశాను. ఆమె చెప్పింది చెప్పినట్టు పెట్టాను, "నేను" అనే.

మళ్లీ చదివి వినిపించాక అడిగాను, భీమండి సంగతి ఏం చేయమంటావని. "ఆరేండ్లు రాలే అని రాయి. పైసలు పంపలే అని రాయి. గంతే. ఎందుకు రాలేదో సదివెటోళ్లకు సమజైతది" అంది. కాసేపాగి, "నా పేరు మాత్రం మా అవ్వ పెట్టిన పేరు రాయి. కార్ఖానోడు రాసింది రాయకు" అంది.

వచ్చే ఆదివారం పెద్దక్క కూడా వస్తానంది. బడి మాన్పించిన అధ్యాయం ఆమె ముందే చదవాలి. అక్క ఏమంటుందో తెలియదు, ఆ రోజు గురించి మా ముగ్గురం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.