సొంతంగా నేర్చుకున్న గిటార్‌తో జాజ్ దాకా: ఎర్నెస్ట్ రాంగ్లిన్ ఎలా వెళ్లారు?

గోదారి_గిటార్:
నాకు గురువంటూ ఎవరూ లేరు. టాబ్స్ (ఏ తీగ ఎక్కడ నొక్కాలో రాసిన నోట్స్), యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను. రాజమండ్రిలో పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయిస్తుంటాను. ఈమధ్య జమైకా గిటారిస్ట్ ఎర్నెస్ట్ రాంగ్లిన్ ఆల్బమ్ 'బిలో ది బేస్‌లైన్' విన్నప్పటి నుంచి ఇంకేదీ చెవికెక్కట్లేదు. జమైకా వాళ్ల రెగ్గే అనుకునేలోపు జాజ్ అయిపోతుంది, జాజ్ అనుకుంటే కింద రెగ్గే నడుస్తూనే ఉంటుంది. ఆయన కూడా సొంతంగానే నేర్చుకున్నారట, నిజమేనా? మా కీబోర్డ్ అన్న మాత్రం థియరీ రాకుండా జాజ్ జోలికి పోవద్దంటాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

శృతిపెట్టె:
మీ అన్న చెప్పింది కరెక్టే. ముందు స్కేల్స్, సెవెన్త్ కార్డ్స్ (నాలుగు స్వరాలు కలిపి వాయించేవి) చేతికి రావాలి. మిగతావన్నీ తర్వాత.

పాతరికార్డు:
నిజమే తమ్ముడూ. రాంగ్లిన్ 1932లో జమైకాలోని మాంచెస్టర్ పారిష్‌లో పుట్టాడు. ఇంటి పెద్దవాళ్లలో ఇద్దరు గిటార్ వాయించేవాళ్లు, వాళ్లని చూసి పట్టేశాడు. అలాగని గదిలో కూర్చునే అంతా నేర్చుకున్నాడనుకోకు. మీసాలు రాని వయసులోనే కింగ్‌స్టన్‌లో వాల్ బెన్నెట్ ఆర్కెస్ట్రాలో చేరాడు, తర్వాత ఎరిక్ డీన్స్ బ్యాండ్. అప్పటి డాన్స్ బ్యాండ్లు అమెరికన్ స్వింగూ (డాన్స్‌కి వాయించే జాజ్) వాయించాలి, హోటళ్లలో టూరిస్టులకి మెంటో, కలిప్సో లాంటి కరీబియన్ పాటలు కూడా వాయించాలి. మీ ఆర్కెస్ట్రాలో ఘంటసాల పాట అవ్వగానే మాస్ బీట్ అందుకున్నట్టే. జాజ్‌నీ జమైకా సంగీతాన్నీ కలపాలని ఆయన ప్రత్యేకంగా ప్లాన్ చేశాడని నేననుకోను. రెండూ ఆయనకి రోజువారీ డ్యూటీ.

తర్వాత స్టూడియోల పని. నిర్మాత కాక్సన్ డాడ్ దగ్గర స్కా (రెగ్గేకి ముందొచ్చిన జమైకా సంగీతం) రికార్డింగులకి వాయించాడు. బాబ్ మార్లే బృందం వెయిలర్స్ తొలిరోజుల పాట 'ఇట్ హర్ట్స్ టు బి అలోన్'లో వినపడే గిటార్ ఆయనదే. నాకైతే అన్నిటికంటే ఆశ్చర్యం 1964. ఆ ఏడాది లండన్‌లో గాయని మిల్లీ స్మాల్ పాట 'మై బాయ్ లాలీపాప్'కి అరేంజ్‌మెంట్ చేశాడు. అది బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పాటల చార్టుల్లో రెండో స్థానం దాకా వెళ్లింది. అదే ఊళ్లో రోనీ స్కాట్స్ జాజ్ క్లబ్‌లో తొమ్మిది నెలలు వాయించాడు, మెలొడీ మేకర్ పత్రిక పోల్‌లో గిటారిస్టుల్లో మొదటి స్థానం కొట్టాడు. పిల్లలు గెంతే పాప్ పాటా, జాజ్ క్లబ్బూ ఒకే మనిషి, ఒకే ఏడాది!

ఇక సాధన సంగతి. స్కేల్స్ నేర్చుకో, కాదనను, కానీ ముందు కుడిచెయ్యి చూసుకో. తొడ మీద తాళం వెయ్యి. చెయ్యి కింద పడినప్పుడు కాకుండా, పైకి లేచినప్పుడు కార్డ్ కొట్టు. సన్న తీగలు మూడు చాలు. కొట్టిన వెంటనే ఎడమచేతి వేళ్లు కాస్త వదులు చెయ్యి, తీగల మీద నుంచి మాత్రం తియ్యకు. శబ్దం 'చక్' అని తెగిపోవాలి. స్కాకి, రెగ్గేకి పునాది అదే. ఇది ఒళ్లుపట్టకుండా పైన ఎన్ని జాజ్ లిక్కులు (చిన్న చిన్న స్వర ముక్కలు) వాయించినా అతికించినట్టే ఉంటుంది.

తబలా_బాబాయ్:
శృతిపెట్టె గారి మాట మరీ కొట్టిపారెయ్యకండి. రాంగ్లిన్ అరేంజర్ కూడా. అరేంజర్ అన్నాక ఎవరెక్కడ ఏం వాయించాలో ముందే తేల్చి, బ్యాండ్ మొత్తానికి భాగాలు ఇవ్వాలి. స్వరాలు తెలియకుండా ఆ పని అవ్వదు. బడికి వెళ్లకపోయినా థియరీ వంటబట్టిందన్నమాట.

గోదారి_గిటార్:
థాంక్స్ అన్నా. ఆ చేతి తాళం ఇప్పుడే వేసి చూశా, రెండో ఆవర్తనానికే చెయ్యి మళ్లీ బీట్ మీద పడిపోతోంది. ఆ ఆల్బమ్‌లో ముందు ఏ పాట పట్టుకోమంటారు?

పాతరికార్డు:
'సట్టా మస్సగానా'. అసలు పాట అబిసీనియన్స్ అనే రెగ్గే బృందానిది, ముందు వాళ్లది విను. తర్వాత 1996లో రాంగ్లిన్ దాన్ని ఎలా తీసుకున్నాడో చూడు. పియానో మాంటీ అలెగ్జాండర్, ఆయనా జమైకా వాడే. మొదటిసారి గిటార్ వైపు చెవి పెట్టకు, అయిరా కోల్మన్ బేస్ మాత్రమే పట్టుకుని నోటితో పాడు. అది వచ్చాక గిటార్ ఎక్కడ ఆగుతోందో నీకే తెలుస్తుంది. డకార్‌లో సెనెగల్ వాళ్లతో చేసిన 1998 ఆల్బమ్ కూడా ఉంది కానీ, అది తర్వాత. చెయ్యి బీట్ మీద పడటం మామూలే, టెంపో సగానికి తగ్గించు.