'అయినవాళ్ళు' చాలదా?

ఫెర్జాన్ ఓజ్పెతెక్ 2001లో తీసిన ఇటాలియన్ చిత్రం 'లె ఫాతె ఇన్యొరాంతి'కి తెలుగు ఉపశీర్షికలు రాయవలసివస్తే, రక్తసంబంధం లేకపోయినా ఒకే కుటుంబంలా బతికే అందులోని మనుషులను ఏమనాలని ఈ చర్చాబృందంలో సభ్యులొకరు అడిగారు. 'ఎంచుకున్న కుటుంబం', 'స్వీకృత కుటుంబం' అని వచ్చిన సూచనలు రెండూ నాకు దస్తావేజు భాషలా తోచాయి. మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న 'అయినవాళ్ళు' సరిపోతుందని నా అభిప్రాయం.

తెలుగులో చుట్టరికం చెప్పే క్రియ 'అవు'. 'ఆయన మీకేమవుతారు?' అని అడుగుతాం, 'పినతండ్రి అవుతారు' అని బదులిస్తాం. ఇక్కడ ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒడియావారు కూడా 'కణ హుఅంతి' అని అదే అర్థంగల క్రియతో అడుగుతారు గనుక ఈ నుడికారం మాకు రెండు వైపులా వినిపిస్తూ ఉంటుంది. ఆ క్రియనుంచి వచ్చిన విశేషణమే 'అయిన'. పుట్టుకతో అయ్యారా, పెళ్ళితో అయ్యారా, కేవలం కలిసి తిని, కలిసి ఏడ్చి అయ్యారా అన్నది ఆ మాట అడగదు.

చిత్రంలో చిక్కంతా ఈ క్రియ దగ్గరే ఉంది. కారు ప్రమాదంలో భర్త మాస్సిమోను పోగొట్టుకున్న అంతోనియా, ఒక చిత్రపటం వెనుక రాసి ఉన్న ప్రేమవాక్యాలు చూసి, ఆ రాసినది ఎవరో స్త్రీ అనుకొని వెతుక్కుంటూ వెళ్ళి, ఏడేళ్ళుగా భర్తకు ప్రియుడైన మికేలెను కనుగొంటుంది. మికేలె మాస్సిమోకు ఏమవుతాడు? 'ప్రియుడు' అంటే ప్రేమ తెలుస్తుందే గాని, 'ప్రియుడవుతాడు' అని చుట్టరికం చెప్పినట్టు ఎవరూ అనరు. అంతోనియాకు ఏమవుతాడన్నది మరీ కష్టం, ఎందుకంటే 'సవతి'కి మన భాషలో పుంలింగం లేదు. దాచిన ప్రేమకు వరస ఉండదు, వరస లేనివాడికి పరామర్శకు వచ్చి కూర్చునే చోటూ ఉండదు.

ఈ చర్చలోనే మరొకరు 'నేస్తం కట్టడం', అంటే స్నేహాన్ని చుట్టరికంలా ముడివేసుకోవడం, పనికివస్తుందన్నారు. మా కళింగసీమలో అది నిజంగానే గౌరవమైన బంధం. ఒడియావారిలో పూరీ జగన్నాథుని మహాప్రసాదం సాక్షిగా కట్టుకునే స్నేహమూ అలాంటిదే. అయితే ఈ రెండూ నలుగురి ఎదుట జరిగేవి, మాస్సిమో ఏడేళ్ళూ కాపాడుకున్నది నలుగురికీ తెలియకపోవడాన్నే. కాబట్టి ఆ మాట అతనికి అతకదు.

'అయినవారికి ఆకుల్లో, కానివారికి కంచాల్లో' అన్న సామెతను, ముందు ఉడికిపోయిన అంతోనియా నోట నిష్ఠూరంగా పలికించవచ్చు. మికేలె ఇంట అందరూ కలిసి తినే బల్ల దగ్గర ఆమె కూడా కూర్చోవడం మొదలుపెట్టాక, 'వీళ్ళు నాకు అయినవాళ్ళే' అని ఆమె చేతనే అనిపిస్తే, ఆ 'ఏ'కారంలో వాదన, ఒప్పుకోలు రెండూ వినిపిస్తాయి. ఇంత పని 'స్వీకృత'తో జరగదు.

ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది. 'అయినవాళ్ళ సంబంధం' అనగానే మేనరికమో, ఇంటిపేర్లో గుర్తుకు వచ్చే పాఠకులు చాలామంది ఉన్నారు. అందుచేత మాట మొదటిసారి వచ్చే చోట 'రక్తం కలవకపోయినా అయినవాళ్ళమే' అని కొంచెం విప్పి రాసి, ఆ తరువాతి సంభాషణల్లో ఒంటరిగా వదిలేయవచ్చు.