తెలుగు మీడియం పిల్లలకి క్లాట్ అవసరమా, లాసెట్ చాలదా?

టెక్కలి నాన్న:
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. లాయరవుతానంటోంది, సంతోషమే, కానీ నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రన్స్ ఉంది కదా, ఆ క్లాటే రాస్తానని పట్టు. మన రాష్ట్ర లా కాలేజీల ఎంట్రన్స్ లాసెట్‌లో ప్రశ్నలు తెలుగులోనూ ఇస్తారు, నెగెటివ్ మార్కులు లేవు. క్లాట్ అంతా ఇంగ్లీషే, తప్పు రాస్తే పావు మార్కు కోత, ఓసీలకి అప్లికేషనే 4,000. మొహమాటం లేకుండా చెప్పండి.

కోట దగ్గర ప్లీడరు:
వద్దు. ఇరవయ్యేళ్ళుగా విజయనగరంలో ప్రాక్టీసు నాది. ఇక్కడ సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసేది తెలుగులో, క్లయింటు ఏడ్చేది తెలుగులో. పెద్ద లా స్కూళ్ళ పిల్లలు మా బార్ రూం గుమ్మం తొక్కడం నేను చూళ్ళేదు. లాసెట్ రాయించి మంచి సీనియర్ దగ్గర పెట్టండి.

బొబ్బిలి వీణ:
అందరూ మీ జూనియర్లే అవ్వాలా ప్లీడరు గారూ? అంకుల్, మనకి దగ్గర్లో ఉన్న నేషనల్ లా యూనివర్సిటీ సబ్బవరంలోదే, దామోదరం సంజీవయ్య పేరు మీద. లాసెట్ ర్యాంకుతో అక్కడ ఐదేళ్ళ కోర్సులో సీటివ్వరు, క్లాటే రాయాలి. నాదీ తెలుగు మీడియమే, కిందటేడు రాశాను. 2 గంటల్లో 120 ప్రశ్నలు, దాదాపు అన్నీ ప్యాసేజీల కిందే, ఒక్కోటి 450 మాటల దాకా ఉంటుంది. లీగల్ రీజనింగ్‌లో సూత్రం కూడా అందులోనే ఇచ్చేస్తారు, సెక్షన్లు బట్టీ పట్టక్కర్లేదు. చదివే వేగమే అసలు పరీక్ష. మొదటిరోజు ఒక ఇంగ్లీష్ ఎడిటోరియల్ పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివితే 22 నిమిషాలు పట్టింది, పదిహేడు మాటలకి డిక్షనరీ తీశాను. దసరా నాటికి ఆరు నిమిషాలు. లెక్కలు పదో తరగతివే, టెన్షన్ వద్దు.

నాగావళి గట్టు:
వేగం వస్తాదమ్మా, డబ్బెక్కడినుంచి వస్తాది? మా తమ్ముడి కొడుక్కి ర్యాంకొచ్చింది, కాలేజీ ఫీజు లక్షల్లో చూసి మా తమ్ముడు ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు. ఇంగ్లీషులోనే పెట్టడమూ అన్యాయమే. నీట్ తెలుగులో రాయనిస్తున్నారు, దీనికేటి అడ్డం?

కోట దగ్గర ప్లీడరు:
ఐదేళ్ళూ పాఠాలు ఇంగ్లీషులోనే, హైకోర్టులో వాదనా ఇంగ్లీషే. పరీక్ష తెలుగులో గట్టెక్కినా క్లాసులో ఏం చేస్తారు?

బొబ్బిలి వీణ:
అదేటండీ, పైన తెలుగు చాలన్నారు!

నాగావళి గట్టు:
హహ్హ, దొరికిపోయారు ప్లీడరు గారు.

టెక్కలి నాన్న:
సరే, రెండూ కడతాను. క్లాట్ డిసెంబర్లో అయిపోతుంది, లాసెట్ తర్వాతే. క్లాట్ సెంటరు విశాఖ పెడతాం, పరీక్ష మధ్యాహ్నం 2 గంటలకి కాబట్టి పొద్దున్నే రైలెక్కినా అందుకుంటాం. అమ్మాయి ఇవాళే ఎడిటోరియల్ మొదలుపెట్టింది, 31 నిమిషాలు, చివరి పేరా నాకూ అర్థం కాలేదు. బ్యాంకు లోను మీద చదివిన పిల్లల తండ్రులెవరైనా ఉంటే చెప్పండి, నాగావళి గారి ప్రశ్నకి ఇక్కడ ఎవరూ జవాబివ్వలేదు.