టొరంటో–సెయింట్ పాల్స్‌ను లిబరల్ కంచుకోట అనడం ఎంతవరకు సబబు?

ప్రశ్న:
కెనడా ఫెడరల్ ఎన్నికల ప్రస్తావన వచ్చినప్పుడల్లా టొరంటో–సెయింట్ పాల్స్ నియోజకవర్గాన్ని లిబరల్ పార్టీ కంచుకోటగా పేర్కొంటారు. 1993 నుంచి ముప్పై ఏళ్లు అది ఆ పార్టీ చేతిలోనే ఉన్న మాట నిజమే. అయితే 2024 జూన్ 24న జరిగిన ఉప ఎన్నికలో కన్సర్వేటివ్ అభ్యర్థి డాన్ స్టూవర్ట్ గెలిచారు. ఏడాది తిరగకముందే, 2025 ఏప్రిల్ 28 నాటి సాధారణ ఎన్నికల్లో, అప్పుడు ఓడిన లిబరల్ అభ్యర్థి లెస్లీ చర్చ్ భారీ ఆధిక్యంతో ఆ స్థానాన్ని తిరిగి దక్కించుకున్నారు. ఇంత తక్కువ వ్యవధిలో తీర్పు ఇలా తారుమారు కావడానికి కారణమేమిటి? 1993కు ముందు అక్కడి పరిస్థితి ఎలా ఉండేది?

మొదటి జవాబు:
రెండో ప్రశ్నకు సమాధానం చూస్తే మొదటిది సగం తేలిపోతుంది. మిడ్‌టౌన్ టొరంటోలోని ఈ స్థానం ఒకప్పుడు ఎవరికీ కట్టుబడి ఉండేది కాదు. 1950లలో ఇక్కడి సభ్యుడు ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీకి చెందిన రోలాండ్ మిచెనర్. కెనడా పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభకు స్పీకరుగా పనిచేసి, తరువాత గవర్నర్ జనరల్ అయినది ఆయనే. 1962లో లిబరల్ పార్టీ నెగ్గింది. 1972లో కన్సర్వేటివ్ అభ్యర్థి రాన్ ఆట్కీ, 1974లో లిబరల్ అభ్యర్థి జాన్ రాబర్ట్స్, 1979లో మళ్లీ ఆట్కీ, 1980లో మళ్లీ రాబర్ట్స్ గెలిచారు. 1984, 1988లలో బార్బరా మెక్‌డూగల్ గెలుపుతో కన్సర్వేటివ్‌లది పైచేయి అయింది.

1993లో ఒక్క సెయింట్ పాల్స్ మాత్రమే కాదు, టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలోని 99 స్థానాల్లో 98 లిబరల్ పార్టీకే దక్కాయి. కుడిపక్షం ఓట్లు రిఫార్మ్, ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీల మధ్య చీలిపోయాయి. అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతిలో ఆ చీలిక ఎంత నష్టం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల కంచుకోట అన్న పేరులో ఎంతో కొంత ఆ చీలిక పుణ్యమేనని నా అభిప్రాయం.

రెండో జవాబు:
చీలిక ఒక్కటే కారణమైతే 2003లో ఆ రెండు వర్గాలూ నేటి కన్సర్వేటివ్ పార్టీగా కలిశాక ఈ కోట కూలిపోవలసింది. దేశం మొత్తం మీద లిబరల్ పార్టీ 34 స్థానాలకు పడిపోయిన 2011లో కూడా ఇక్కడ కారొలిన్ బెన్నెట్ నిలిచారు. వృత్తిరీత్యా కుటుంబ వైద్యురాలైన ఆమె 1997 నుంచి వరుసగా గెలుస్తూ వచ్చారు. ఆమె వైదొలగిన తరువాతే ఉప ఎన్నిక వచ్చిందన్న సంగతిని తేలికగా తీసుకోకూడదు.

పైగా ఉప ఎన్నికలో ప్రభుత్వం మారదు. ధరల మీద, ఇళ్ల అద్దెల మీద, అప్పటి లిబరల్ ప్రధాని జస్టిన్ ట్రూడో మీద పేరుకున్న అసంతృప్తిని చాటడానికి ఓటరుకు అది అనువైన అవకాశం. యూదు ఓటర్లు గణనీయంగా ఉన్న నియోజకవర్గం కనుక గాజా యుద్ధం మీద ప్రభుత్వ వైఖరి కూడా ప్రభావం చూపింది. ఎన్నికల పద్ధతికి నిరసనగా చాలామంది నామినేషన్లు వేయడంతో బ్యాలెట్ మీద 84 పేర్లు చేరి, అది దాదాపు మీటరు పొడవైంది. అంత పొడవున్న కాగితాలను ఒక్కొక్కటిగా విప్పి చేతితో లెక్కించేసరికి తెల్లవారుజాము అయింది. రాత్రంతా ముందంజలో ఉన్న చర్చ్ చివర్లో వెనుకబడి, సుమారు 600 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

మూడో జవాబు:
2025 విషయం క్లుప్తంగా చెబుతాను. జనవరిలో ట్రూడో రాజీనామా ప్రకటించడం, ఆయన స్థానంలో పార్టీ నేతగా, ప్రధానిగా మార్క్ కార్నీ రావడం, అమెరికా సుంకాల బెదిరింపులు కలిసి పోటీ స్వరూపాన్నే మార్చేశాయి. వామపక్ష మొగ్గున్న ఎన్‌డీపీ (న్యూ డెమొక్రాటిక్ పార్టీ) దేశవ్యాప్తంగా 7 స్థానాలకు కుదించుకుపోయింది. ఆ పార్టీకి పడే ఓట్లలో చాలా భాగం ఇక్కడ కూడా లిబరల్ వైపు మళ్లింది. మరో సంగతి కూడా ఉంది: ఉప ఎన్నిక పాత సరిహద్దులతో, సాధారణ ఎన్నిక పునర్విభజన తరువాతి సరిహద్దులతో జరిగాయి. కాబట్టి రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి ఇన్ని శాతాలు అటు నుంచి ఇటు మారాయని లెక్కకట్టేవారు ముందుగా పాత ఓట్లను కొత్త హద్దులకు సర్దుకోవాలి.