గినీ పిగ్‌ల పెల్లెట్లలో విటమిన్ సి ఎన్నాళ్లు నిలుస్తుంది?

రెండేళ్లు దాటిన రెండు గినీ పిగ్‌లకు పెల్లెట్లు (గుళికల్లా చేసిన మేత) మార్చాలి, తెలిసినవాళ్లు చెప్పండి. తిమోతి గడ్డితో చేసినవే చూస్తున్నాను. అల్ఫాల్ఫా (లూసర్న్ గడ్డి)లో కాల్షియం ఎక్కువ, పెద్దవాటికి మూత్రాశయంలో రాళ్లు కట్టొచ్చు. గింజలు, రంగు ముక్కలు కలిపినవి వద్దే వద్దు: తీపివి ఏరుకుని తిని, పీచున్న పెల్లెట్లను గిన్నె అడుగున వదిలేస్తాయి. గినీ పిగ్‌ల ఒంట్లో విటమిన్ సి తయారవ్వదు, మేతలోంచే అందాలి; కుందేళ్ల మేతలో మామూలుగా అది ఉండదు, కాబట్టి అదీ పనికిరాదు.

అసలు సందేహం ఆ విటమిన్ గురించే. తయారైన మూడు నెలల్లో సగం దాకా పోవచ్చు కదా, ప్యాకెట్ మీద గడువు తేదీ ఒక్కటే ఉంటే తయారీ తేదీ ఎలా పట్టుకోవాలి? స్థిరీకరించిన (త్వరగా పాడవకుండా చేసిన) విటమిన్ సి అని రాసినవి తెరిచాక ఎన్నాళ్లు ఆగుతాయి? ఒక్కోదానికి రోజుకు 1/8 కప్పే పెడతాను, పెద్ద సంచి త్వరగా అవ్వదు. ఎండుగడ్డి ఎప్పుడూ ఉంటుంది, క్యాప్సికం రోజూ ఇస్తాను.